ఫొటో ముందు కల్లు సీసా

ప్రతి ఏడాది పెత్తరమాస నాడు సిరిసిల్లలో మా తమ్ముడి ఇంట్లో, గోడకు తగిలించిన అతని ఫొటో కింద ఒక విస్తరాకు పరుస్తారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి ఆ రోజు వండిపెట్టడం మా వైపు ఆచారం. అన్నం, గారెలు, మాంసం కూర, పక్కన ఒక కల్లు సీసా. ఆ సీసా తెప్పించేది మా అవ్వ. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. "బతికున్నన్ని రోజులు దీనికోసమే సచ్చినవ్. ఇప్పుడన్న కడుపునిండ తాగు కొడుకా" అంటూ ఆమె మూత తీస్తుంది. నాలుగేళ్లు నేను ఆ ఫొటో ముందు చేతులు జోడించి నిలబడ్డాను. నాలుగేళ్లూ ఏమీ మాట్లాడలేదు.

పడిపోయిన నాటికి మా తమ్ముడు కల్లు మానేసి మూడు రోజులైంది. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తాగి పడి చచ్చిపోయాడని అందరినీ నమ్మించింది కూడా నేనే.

నేను కోరుట్లలో సర్కారు బడిలో జీవశాస్త్రం చెబుతాను. ఇరవై ఏళ్లకు పైగా బోర్డు మీద మెదడు బొమ్మ గీసి, భాగాల పేర్లు రాసి, పిల్లల చేత వల్లె వేయించాను. మా చుట్టాల్లో "సారు చెప్పిండు" అంటే ఇంక దానికి ఎదురుండదు. అందుకే నా అబద్ధాన్ని ఎవరూ తిరిగి అడగలేదు.

మా తమ్ముడు నాకన్నా ఆరేళ్లు చిన్న. చిన్నప్పుడు ఇంట్లో బెల్లం ఎక్కడ దాచినా నేను వాసన పట్టేవాణ్ణి. వాడు పండుగ పూట పెద్దవాళ్లు తాగి వదిలిన సీసాల అడుగున మిగిలిన గుటకల కోసం వెతికేవాడు. అవ్వ ఇద్దరినీ చెరొక దెబ్బ వేసి, "పెద్దోనికి తిండి యావ, చిన్నోనికి కల్లు యావ. ఒక్క యావనే ఇద్దరికి పంచి కన్న" అనేది. అందరం నవ్వేవాళ్లం. యావ అంటే మా దగ్గర ఉత్త ఇష్టం కాదు, చెయ్యి ఆగకపోవడం. అవ్వ చదువుకోలేదు. చదువుకున్న నేను ఆమె ఒక్కటే అన్నదాన్ని రెండుగా విడదీశాను. నాది జబ్బు అన్నాను, వాడిది గుణం అన్నాను.

పెద్దయ్యాక వాడు సిరిసిల్ల పోయి సాంచాలు నడపడంలో కుదురుకున్నాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. పన్నెండు గంటలు ఆ చప్పుడులో నిలబడి తెగిన పోగును అతకడం, అతికింది మళ్లీ తెగితే మళ్లీ అతకడం. పని దిగాక కల్లు కాంపౌండు. అక్కడ అమ్మేది చెట్టు దిగిన కల్లు కాదు. తాగే అంతమందికి చెట్లు చాలవు. నీళ్లలో తీపీ, తెల్ల నురగ వచ్చే పొడులూ, మత్తు మందూ కలిపి సీసాల్లో పోస్తారు. మందు కల్లు అన్న పేరు అందుకే వచ్చిందని తాగేవాళ్లకూ తెలుసు. ఒకసారి ఎల్లంతకుంటలో ఒక పెళ్లికి పోతే అసలైన చెట్టు కల్లు లొట్టి నిండా ముందు పెట్టారు. వాడు నాలుగు గుక్కలు తాగి, "గిది ఉత్త నీళ్లే గదనే" అని పక్కకు జరిపాడు. వాడికి పొగరెక్కింది అనుకున్నాను.

మరదలు ఫోన్ చేసినప్పుడల్లా నేను కోరుట్ల నుంచి బస్సెక్కి పోయి వాణ్ణి కాంపౌండు నుంచి లేపుకొచ్చేవాణ్ణి. అప్పటికి నా బరువు నూట పద్దెనిమిది కిలోలు. బస్సు దిగి కాంపౌండు దాకా నడిచాక నిలబడలేక ముందు బెంచీ మీద కూలబడేవాణ్ణి. ఎదురుగా ఉడికించిన శనగల మీద ఉల్లిగడ్డ ముక్కలు చల్లిన గుడాల పొట్లం ఉండేది.

"తాగి తాగి నీ బిడ్డను ఆగం జేస్తవారా?" అని నేను తిడుతూ గుడాలు నములుతుంటే, వాడు పక్కవాళ్ల వైపు తిరిగేవాడు.

"మా అన్న నాకోసం రాలే. గుడాల కోసం వచ్చిండు. సారుకు ఇంకో పొట్లం దేండ్రి."

"నోరు మూయ్. నాది థైరాయిడు రా."

"అట్లనా? మరి నాది గూడ థైరాయిడే అని ఆ డాక్టర్‌తోని రాయించుకరారాదే."

బెంచీల మీదివాళ్లంతా నవ్వేవాళ్లు. నాకు థైరాయిడ్ లేదు. పరీక్ష చేయించుకుంటే అంతా బాగుందనే వచ్చింది. ఆ కాగితం నేను ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

వాడి బిడ్డ పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో, పనిలో నిలబడే కునికి, వాడు చెయ్యి సాంచాలో పెట్టుకోబోయాడు. పక్కవాడు లాగకపోతే వేళ్లు పోయేవి. మర్నాడు వాడు తనంతట తానే మానేస్తానన్నాడు. అవ్వ, మరదలు, నేను అక్కడే ఉన్నాం. బిడ్డ కింద కూర్చుని జడ వేసుకుంటోంది. వాడు వెళ్లి ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

"నీ మీద ఒట్టు బిడ్డా. ఇగ ముట్ట."

ఆ పిల్ల తల పక్కకు లాక్కుంది. "నా మీద ఎందుకేస్తవ్ బాపూ? నీ మీద నువ్వు ఏస్కోరాదు?"

మేం నవ్వాం. పిల్ల నవ్వలేదు. ఒకరి నెత్తి మీద పెట్టిన ఒట్టు తప్పితే కీడు ఆ నెత్తికే తగులుతుందని మా ఇళ్లల్లో అందరికీ నమ్మకం. వాడికీ ఉంది. అందుకే ఆ పిల్ల మీద వేశాడు. తన మీద వేసుకుంటే తప్పుతానని వాడికి తెలుసు.

"దవాఖాన్ల చూపిద్దామా బావా?" అని మరదలు అడిగింది.

"దవాఖానకు పోతే నలుగురికి తెలుస్తది. దీనికి డాక్టర్ ఏం జేస్తడు, దమ్ము గావాలె. మా ఇంట్ల మూడు రోజులు గది దాటనియ్య. నాలుగోనాడు మనిషైతడు" అన్నాను.

ఆ మూడు రోజుల లెక్క నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నోటికొచ్చింది అన్నాను. సారు చెప్పాడు కనుక అందరూ సరేనన్నారు.

మా ఆవిడ ఆ వారం మెట్‌పల్లిలో వాళ్ల పుట్టింట్లో ఉంది. ఇంట్లో మేమిద్దరమే. పై గదిలో వాడు, కింద నేను, తాళం నా చొక్కా జేబులో. మొదటి రోజు వాడు చెమటలు పట్టి, చేతులు వణుకుతూ కూడా జోకులేశాడు. "మెట్లు మెల్లగ ఎక్కే అన్నా, నాకంటే ముందుగాల ఇల్లు కూలుతది" అన్నాడు. రెండో రోజు కంటి మీద కునుకు లేదు, కూర్చోలేడు, నిలబడలేడు. మూడో రోజు పొద్దున నేను ఉప్మా పట్టుకుపోతే మంచం మీద కూర్చుని గాలిలో ఏదో పట్టుకుంటున్నాడు. బొటనవేలు, చూపుడు వేలు కలిపి నలుపుతున్నాడు, మెలిపెడుతున్నాడు.

"ఏంది రా అది?"

"పోగు తెగిందే. అతకాలె. గీ పోగు అతికితే గా పోగు తెగుతున్నది."

"నాటకాలు జెయ్యకు."

వాడు నా వైపు చూశాడు. ఆ క్షణంలో చూపు తేటగానే ఉంది. "అన్నా, కల్లు అడుగుత లేను. పోరి మీద ఒట్టేసిన, అడుగ. నన్ను దవాఖానకు తీస్కపో. లోపల ఏదో అయితున్నది" అన్నాడు.

నేను ఉప్మా అక్కడ పెట్టి, బయట గొళ్లెం పెట్టి, తాళం వేసి కిందికి వచ్చాను.

అసలు చెప్పవలసింది ఇక్కడ నుంచి. మా ఆవిడ లేని ఇంట్లో కూడా ఆమె పెట్టిన కట్టడి ఉంది. చక్కెర లేదు, నూనె బందు. మూడు రోజులుగా వాడి వణుకు చూస్తున్నకొద్దీ నా కడుపులో కాదు, నోట్లో, చేతుల్లో ఏదో మొదలైంది. మధ్యాహ్నం అన్నం పెట్టుకుని తిన్నాను, రెండోసారీ పెట్టుకున్నాను. కడుపు నిండింది. అయినా బస్టాండు దగ్గర మూడు గంటలకు బాణలి పెట్టి జిలేబి తీసే దుకాణం కళ్ల ముందు నిలిచింది. పది నిమిషాల్లో వస్తాననుకున్నాను. పైన మంచం కిర్రుమంటున్న చప్పుడు వింటూనే చెప్పులేసుకున్నాను.

దుకాణంలో మొదటి పావుకిలో నిలబడే తిన్నాను. తర్వాత కూర్చున్నాను. మిరపకాయ బజ్జీలు తిన్నాను. కారం తగ్గడానికి మళ్లీ జిలేబి. రుచి మొదటి రెండు చుట్ల దాకానే తెలిసింది. ఆ తర్వాత తిన్నదంతా ఎందుకు తిన్నానో నాకు తెలియదు. మధ్యలో రెండుసార్లు లేచాను, రెండుసార్లూ కూర్చున్నాను. ఇంటికి వచ్చేసరికి గంటన్నర దాటింది. చేతిలో ఇంకో పొట్లం ఉంది.

పైన తలుపు తీస్తే వాడు కింద పడి ఉన్నాడు. ఇనుప మంచం కోడు పక్కన తల పగిలి ఉంది. మూర్ఛ వచ్చి, పడి, కొట్టుకుని, మళ్లీ వచ్చి ఉంటుందని తర్వాత తెలిసింది. నోటి చుట్టూ నురగ. ఒళ్లు వెచ్చగానే ఉంది, ఊపిరి ఉంది. పక్కింటాయన సాయం పట్టి ఆటో ఎక్కించాడు. జగిత్యాల ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఆఖరుసారి ఎప్పుడు తాగిండు?"

తాగి మూడు రోజులైందంటే, మరి ఎవరి దగ్గర ఉన్నాడు, పడినప్పుడు మీరెక్కడున్నారు అని అడుగుతారు. నా చొక్కా మీద పాకం మరక ఉంది. "ఇయ్యాల పొద్దున తాగిండు" అన్నాను.

మర్నాడు పొద్దున వాడు పోయాడు. అప్పటికి సిరిసిల్ల నుంచి అందరూ వచ్చారు. మరదలు నా చెయ్యి పట్టుకుని, "ఒట్టేసి గూడ తాగిండా బావా?" అని అడిగింది. నేను తల ఊపాను. తలుపు తీసి ఉంచితే నా కళ్లుగప్పి బయటికి పోయి తాగి వచ్చాడని, అంతా ముందే అల్లిపెట్టుకున్నాను. ఆ కథ చెప్పనక్కరే రాలేదు. తల ఊపితే సరిపోయింది.

వాడి బిడ్డ ఏడవలేదు. శవం కాళ్ల దగ్గరికి పిలిస్తే రాలేదు. "నేను సచ్చినా సరే అనుకున్నడు గద. సీసానే కావాలనుకున్నడు గద" అని గోడకు ఆనుకుని నిలబడింది. ఆ తర్వాత ఆ పిల్లకు జ్వరం వచ్చినా, పరీక్ష తప్పినా, మెట్ల మీద జారినా అవ్వ దిష్టి తీసి, "తండ్రి ఒట్టు తగిలింది" అనేది. ఆ పిల్ల తండ్రి పేరు ఎత్తడం మానేసింది. జగిత్యాలలో డిగ్రీలో చేరాక ఏటా పెత్తరమాసకు హాస్టల్లోనే ఉండిపోయేది.

నేను ఇంకా లావయ్యాను. చక్కెర జబ్బు వచ్చింది, మోకాళ్లు పోయాయి. మొన్న ఎండాకాలం, జగిత్యాలలో నన్ను చూసే షుగరు డాక్టరు మానసిక వైద్యురాలి దగ్గరికి పంపాడు. చిన్న వయసు ఆమెది. పిచ్చి డాక్టరు దగ్గరికి నేనెందుకని గొణుక్కుంటూనే కూర్చున్నాను.

"కడుపు నిండినంక గూడ తింటరా సార్?"

"తింట."

"రుచికేనా?"

"రుచి ముందుగాలనే పోతది."

"యావ ఎప్పుడు మొదలైతది? తిన్నంకనా, చూసినంకనా?"

ఆమె యావ అనే మాట వాడింది. "బస్టాండు కనబడితేనే మొదలైతది" అన్నాను.

ఆమె కాగితం మీద మెదడు బొమ్మ గీసింది. నేను వేలసార్లు గీసిన బొమ్మే. లోపల ఒక చోట చుక్క పెట్టి, ఇష్టమైనది దొరికినప్పుడు ఇక్కడ డోపమిన్ విడుదలవుతుంది, అది 'మళ్లీ కావాలి' అని నేర్పుతుంది అంది. మత్తు మందైనా, తీపీ నూనే కలిసిన తిండైనా పదే పదే ఆ దారినే కొడుతూ పోతే, కొందరిలో ఆ సంకేతాన్ని అందుకునే గ్రాహకాలు తగ్గుతాయట. అంటే సంతోషం తగ్గుతుంది, కోరిక తగ్గదు. వస్తువు కంటే దాని గుర్తులు బలమవుతాయి, వాసన, వీధి మలుపు, సీసా చప్పుడు. తర్వాత నుదుటి వెనక భాగం మీద గీత గీసింది. వద్దు, ఆగు అని చెప్పవలసింది ఇదే, ఇది కూడా బలహీనపడుతుంది అంది. మత్తుకు అలవాటుపడినవాళ్ల మెదళ్లనూ, తిండి ఆపలేనివాళ్ల మెదళ్లనూ స్కాన్ చేసి చూసినప్పుడు ఇలాంటి మార్పులు కనిపించాయట.

"అందరికి గిట్లనే ఉంటదని కాదు సార్. లావున్న ప్రతి మనిషి తిండికి బానిస కాదు. ఇంకా తేలాల్సింది చాన ఉన్నది. గానీ మీకు సిగ్గు లేకపోవుడు వల్ల ఇట్లయిందని మాత్రం అనుకోకుండ్రి" అంది.

నాకు ఆ మాట ఓదార్పు కాలేదు. నేను మా తమ్ముణ్ణి వందసార్లు అన్న మాట అదే, సిగ్గు లేదని.

"మందు కల్లు తాగేటోళ్లకు గూడ గిదేనా మేడం?"

"యావ విషయంల చానమట్టుకు గిదే. మీ ఇంట్ల ఎవరన్న ఉన్నరా?"

"ఉండె. మా తమ్ముడు."

"ఎట్ల మాన్పించిన్రు?"

నేను బల్ల మీది బొమ్మ కాగితాన్ని నా వైపు లాక్కున్నాను. ఆమె నా ముఖం చూడకుండా రాసుకుంటూ అంది: "కల్లుల కలిపే మత్తు మందు ఒక్కసారే బందు పెట్టొద్దు సార్. తీపి ఆపితే ప్రాణం మీదికి రాదు, ఇది ఆపితే వస్తది. ఫిట్స్ వస్తయి, లేనివి కనబడుతయి. డాక్టర్ చూసుకుంట కొద్దికొద్దిగ తగ్గియ్యాలె. ఇంట్ల పెట్టి తాళమేస్తరు చానమంది."

"ఆఖరుసారి ఎప్పుడు తాగిండో డాక్టర్‌కు తప్పు జెప్తే?"

అప్పుడామె కలం ఆపింది. "ఏమైతదంటే చెప్పలేం. తలకు దెబ్బ గిట్ల ఉంటే ఎట్లయినా బతకకపోవచ్చు. బతకనూవచ్చు" అంది. దెబ్బ సంగతి నేను చెప్పానో లేదో నాకిప్పటికీ గుర్తులేదు. ఆ బొమ్మ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి వచ్చి, బస్టాండు దగ్గర బాదుషాలు తిన్నాను.

ఈ ఏడాది పెత్తరమాసకు అవ్వ మంచం పట్టి ఉంది. అందుకని ఆ పిల్ల హాస్టల్ నుంచి రాక తప్పలేదు. నేను వెళ్లేసరికి మరదలు తమ్ముడి పేరున బియ్యమియ్యడానికి గుడి అయ్యగారి దగ్గరికి పోయింది. ఆకు పరిచి ఉంది, వేడి గారెలు వడ్డించి ఉన్నాయి. అవ్వ లోపలి గదిలోంచి అరుస్తోంది.

"సీసా మూత తియ్యే. మీ బాపు సూస్తున్నడు."

"నేను తియ్య" అంది ఆ పిల్ల, ఫొటో వైపు కాక నా వైపు చూస్తూ. "పెద్దబాపూ, నువ్వే తియ్యి. నాకంటే గా సీసానే ఎక్కువైన మనిషికి నేను పెట్ట."

నేను సీసా పట్టుకున్నాను. మూత మీద వేలు పెట్టాను.

"మీ బాపు తాగలే బిడ్డా."

"ఏంది?"

"ఒట్టు తప్పలే. మూడు రోజులు ముట్టలే. నేనే అబద్ధం చెప్పిన."

ఆ పిల్ల నిలబడ్డ చోటు నుంచి కదలలేదు. "మరి ఎట్ల పడ్డడు?"

"మానినందుకే ఫిట్స్ వచ్చినయి. దవాఖానకు తీస్కపొమ్మని అడిగిండు. నేను తాళమేసిన."

"నువ్వు యాడున్నవ్?"

"బస్టాండు కాడ."

"ఏం జేస్తున్నవ్?"

"తింటున్న."

"ఏం తిన్నవ్?"

అంతసేపూ కోపం లేని గొంతుతోనే అడిగింది. జిలేబి అని చెప్పాను. జేబులోంచి డాక్టరు గీసిన కాగితం తీసి, మెదడులో ఇట్లా అవుతుందట బిడ్డా అని మొదలుపెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"గది తర్వాత. మా బాపు నా మీద ఒట్టేసి, గది తప్పకుంటనే పడ్డడా? గదొక్కటి చెప్పు."

"తప్పకుంటనే."

అప్పుడు కూర్చుంది. ఫొటో కింద, ఆకు పక్కన, నేల మీద. చాలాసేపటికి లేచి నా చేతిలోంచి సీసా తీసుకుని, వాకిట్లోకి పోయి మోరీ కాలువలో ఒంపింది. "ఏమైందే?" అని అవ్వ అరిచింది. "ఏం లే బాపమ్మా" అంది. తిరిగి వచ్చి, నాకు ఎదురుగా నిలబడింది.

"సారువు గద. రాసియ్యి. నీ చేత్తోని, అంతా. బాపమ్మ ముందట, అమ్మ ముందట నేను సదువుత. సదివేటప్పుడు నువ్వు గాడనే కూసోవాలె."

ఇది అందుకే రాశాను. మెదడు పేరు చెప్పి తప్పించుకోవడానికి కాదు. యావ నన్ను బస్టాండు దాకా లాక్కుపోయి ఉండవచ్చు. తాళం వేసింది యావ కాదు. డాక్టరుకు అబద్ధం చెప్పిందీ, మరదలి ముందు తల ఊపిందీ నేను. ఆ పిల్ల ప్రశ్నలు అడుగుతున్నంతసేపూ ఆకులోని గారెల వాసనకు నా నోట్లో నీళ్లూరుతూనే ఉన్నాయి. అది కూడా రాయకపోతే మిగతాది రాసి లాభం లేదు.

మా తమ్ముడు ఒట్టు తప్పలేదు. వాడి బిడ్డ నెత్తి మీద ఏ కీడూ లేదు. రేపు ఆదివారం పొద్దున వాళ్లు ఇది చదువుతారు. నేను అక్కడే కూర్చుని ఉంటాను.